మొలకల కొట్టులో కాపురం

(రేడియో మహిళా కార్యక్రమంలో చేసిన ప్రసంగం)



మా చెల్లెలు ఇంగ్లండులో ఇల్లు కొనుక్కుందని తెలిసినప్పుడు అందరం సంతోషించాం. ఆ ఇల్లు ఒకప్పుడు ఏమిటో తెలిసినప్పుడు మాత్రం వాళ్ళ అత్తగారు రెండురోజులు సరిగ్గా అన్నం తినలేదు. అది బీరు చేసే చోటని ఆవిడకెవరో చెప్పారు. "కల్లు దుకాణంలో కాపురం పెట్టిందమ్మా మా కోడలు! అక్కడ పాలు పొంగించడం ఏమిటి, దేవుడి పటం పెట్టడం ఏమిటి?" అని నాకు ఫోను చేసి ఏడ్చినంత పనిచేసింది. నేనేం చెప్పగలను? నాకూ అప్పటికి ఏమీ తెలియదు. పోయిన ఏడాది ఏప్రిల్లో వెళ్ళి, ఆ ఇంట్లో మూడునెలలు ఉండి వచ్చాను కనక ఇప్పుడు చెప్పగలను.

ప్రయాణ విశేషాలు చెప్పమని కార్యక్రమం వారు అడిగారు. లండను వంతెన గురించీ, రాజభవనం గురించీ మీరు ఎన్నోసార్లు వినే ఉంటారు. నేను ఆ ఇంటి గురించే చెబుతాను.

ముందు బీరు సంగతి తేల్చేస్తాను. మనం రాగి మాల్టు ఎలా చేసుకుంటాం? రాగులు కడిగి రాత్రంతా నానబెట్టి, నీళ్ళు వంచేసి, తడిగుడ్డలో మూట కట్టి పెడతాం. ఒకటి రెండు రోజులకు తెల్లటి దారప్పోగుల్లా మొలకలు వస్తాయి. వాటిని ఆరబెట్టి, దోరగా వేయించి, పిండి పట్టించి జల్లించుకుంటాం. నారు పోసే ముందు రైతులు వడ్లు మండె కట్టేదీ దాదాపు ఇలాగే. మొలక వచ్చేటప్పుడు గింజలోని పిండి తీపిగా మారడం మొదలుపెడుతుంది. ఆ తీపిని మొలకే తినెయ్యకముందు గింజను ఎండబెట్టి ఆపెయ్యాలి. కిటుకంతా అక్కడే ఉంది. ఇంగ్లండులో ఇదే పని బార్లీతో చేస్తారు, మనలా గుడ్డ మూటలో కాదు, బళ్ళకొద్దీ. అలా తయారైనదే మాల్టు. దానితో బీరూ చేస్తారు, విస్కీ చేస్తారు, మన పిల్లలు తాగే హార్లిక్సూ చేస్తారు. బీరు కాచే చోటు వేరు. మా చెల్లెలి ఇంట్లో జరిగిందల్లా గింజ మొలకెత్తించి ఎండబెట్టడం, అంతే.

ఈ మాటే నేను అక్కణ్ణించి ఆవిడకు ఫోను చేసి చెప్పాను. "హార్లిక్సా?" అంది. "హార్లిక్సే నండీ అత్తయ్యగారూ" అన్నాను. "మరి ఆ మాట ముందే ఏడవచ్చు కదా" అని ఫోను పెట్టేసింది.

లండనుకి ఈశాన్యంగా సఫోక్ అనే ప్రాంతం ఉంది. మనం జిల్లా అన్నట్టు వాళ్ళు కౌంటీ అంటారు. ఎటు చూసినా బార్లీ చేలూ, గోధుమ చేలూ. బరీ సెయింట్ ఎడ్మండ్స్ అనే పట్నానికి కాస్త దూరంలో ఒక పల్లెలో వీళ్ళ ఇల్లు. మొదటిసారి చూసినప్పుడు, ఎరువుల గిడ్డంగికి గులాబీరంగు వేసి ఇల్లన్నారేమిటా అనుకున్నాను. సన్నగా పొడుగ్గా ఉంటుంది. గోడలు ఒకచోట లోపలికీ ఒకచోట బయటికీ వంగి ఉంటాయి. ఒక కొసన మాత్రం చతురస్రంగా ఇటుకల గది, దాని మీద గోపురంలా నిటారుగా లేచిన కప్పు, ఆ కొనన గాలివాటానికి తిరిగే చెక్క టోపీ.

"తల జాగ్రత్త అక్కయ్యా" అంటూనే లోపలికి తీసుకెళ్ళింది. నా పొడుగుకి ఫరవాలేదు కానీ మా మరిదిగారు ఆరడుగుల మనిషి. నుదుటి మీద ఆయనకు ఎప్పుడూ ఒక బొప్పి ఉండనే ఉంటుంది. పైకప్పు అంత కిందికి ఉంది. కిటికీలు చిన్నవి, వెలుతురు తక్కువ. గది మధ్యలో అడ్డంగా ఓక్ స్తంభాలు, ఎక్కడ పడితే అక్కడ. ఇంత డబ్బు పోసి ఈ చీకటి కొట్టు ఎందుకు కొన్నదా అని నాకు లోపల్లోపల దిగులేసింది.

మాల్టు ఎలా చేస్తారో తెలిశాకనే ఆ ఇల్లు నాకు అర్థమైంది. అది మనుషుల కోసం కట్టిన ఇల్లు కాదు. గింజ కోసం కట్టినది. గింజకు ఏం కావాలో అదే ఉంది అక్కడ.

ఇప్పుడు వీళ్ళ స్నానాలగది ఉన్నచోట ఒకప్పుడు తొట్టి ఉండేదట. అందులో బార్లీ పోసి, నీళ్ళు మారుస్తూ రెండు మూడు రోజులు నానబెట్టేవారు. తరవాత తీసి కుప్ప పోసేవారు. కుప్ప వేడెక్కి మొలక పొడుచుకు రాగానే, ఆ పొడుగాటి నేల నిండా జానెడు మందాన పరిచేవారు. అదే ఇప్పుడు వీళ్ళు కుర్చీలు వేసుకుని కూచునే హాలు. వారం పదిరోజులు గింజ ఆ నేల మీదే ఉండేది. ఉంటే సరా? అడుగున ఉన్నది వేడెక్కిపోతుంది, పైన ఉన్నది ఆరిపోతుంది. వదిలేస్తే వేళ్ళు ఒకదానికొకటి పెనవేసుకుని చాపలా అల్లుకుపోతాయి. అందుకని చెక్క పారలతో పగలూ రాత్రీ తిరగెయ్యాలి. గింజ నలిగితే బూజు పడుతుందని పనివాళ్ళు ఉత్తికాళ్ళతోనో మెత్తటి చెప్పులతోనో తిరిగేవారు. పసిపిల్ల దగ్గర పడుకున్న బాలింత ఎన్నిసార్లు లేస్తుందో వాళ్ళూ అన్నిసార్లు లేచేవారన్నమాట.

పైకప్పు కిందికి ఎందుకుందంటే, గదిలో చెమ్మా చల్లదనమూ ఒక్కతీరుగా నిలవాలి. కిటికీలు చిన్నవి ఎందుకంటే, వాటి చెక్క రెక్కలు తెరిచీ మూసీ గాలిని అదుపులో పెట్టాలి. ఎండ పనికిరాదు. అందుకే ఈ పని అక్టోబరు నుంచి మే దాకా, చలికాలంలోనే జరిగేది. మరి స్తంభాలో? తడిసిన బార్లీ బరువు సామాన్యమా? పై అంతస్తు నేల మీద కూడా పరిచేవారు. ఆ బరువు మొయ్యాలి కదా.

ఆ ఇటుకల గది, ఇప్పటి వంటిల్లు, ఒకప్పటి బట్టీ. కింద నిప్పు, పైన చిల్లుల పెంకులు పరిచిన నేల, దాని మీద మొలకెత్తిన గింజ. వేడిగాలి ఆ చిల్లుల్లోంచి గింజను ఆర్చుకుంటూ పైకి లేచి గోపురం టోపీలోంచి బయటికి పోయేది. ఎండిన గింజకు వేళ్ళు రాలిపోయేవి. అవి పశువుల దాణాకు వాడేవారు, ఏదీ వృథా కాదు. ఆ పెంకు ఒకటి మా చెల్లెలి దగ్గరుంది. అడుగు పొడుగు, అడుగు వెడల్పు, నిండా సన్నటి చిల్లులు. దాని మీద వేడి గిన్నెలు పెడుతుంది.

ఇన్ని కష్టాలకు తోడు పన్ను ఒకటి. మాల్టు మీద 1697లో వేసిన పన్ను 1880 దాకా ఉన్నది. సుంకం అధికారి వచ్చి, తొట్టిలో గింజ ఎంత లోతున ఉందో కొలకర్ర దింపి చూసి రాసుకునేవాడు. అయినా ఊరూరా ఇలాంటి కొట్లు నడిచాయి. రైళ్ళు వచ్చాక, పెద్దపెద్ద కార్ఖానాలు వచ్చాక చిన్నవి మూతపడ్డాయి. సఫోక్ పల్లెల్లోని వ్యవసాయ కూలీలే కోతలు కాగానే రైలెక్కి బర్టన్ అనే ఊరి మాల్టు కార్ఖానాలకు చలికాలం పనికి వలసపోయి, వేసవికి తిరిగి వచ్చేవారట. వలసలు మన దగ్గరే అనుకుంటాం.

ఒకనాడు చెల్లెలు నన్ను సముద్రం వైపున స్నేప్ అనే ఊరికి తీసుకెళ్ళింది. న్యూసన్ గారెట్ అనే వ్యాపారి 19వ శతాబ్దంలో కట్టించిన పెద్ద మాల్టు కార్ఖానా అక్కడుంది. ఇటుక కట్టడం. 1965లో పని ఆగిపోతే, బెంజమిన్ బ్రిటెన్ అనే సంగీత విద్వాంసుడు పూనుకుని 1967కల్లా దాన్ని కచేరీ శాల చేయించాడు. 1969లో కాలిపోయింది. ఏడాదిలో మళ్ళీ నిలబెట్టారు. నాకు కచేరీల కంటే ఆ గారెట్ గారి కూతుళ్ళ సంగతి ఎక్కువ నచ్చింది. ఎలిజబెత్ అనే అమ్మాయి, ఆడవాళ్ళను వైద్యం చదవనివ్వని రోజుల్లో పోరాడి 1865లో డాక్టరుగా లైసెన్సు సంపాదించింది. ఆమె చెల్లెలు మిలిసెంట్ ఫాసెట్ స్త్రీల ఓటుహక్కు కోసం జీవితమంతా పనిచేసింది. లండనులో పార్లమెంటు ఎదుటి చౌకులో 2018 దాకా ఒక్క ఆడమనిషి విగ్రహమూ లేదు. మొదట పెట్టినది ఈవిడదే. మాల్టు డబ్బుతో చదివిన ఆడపిల్లలన్నమాట! ఇదీ అత్తయ్యగారికి ఫోను చేసి చెప్పాను.

మళ్ళీ మన ఇంటికి వద్దాం. ఇది ఇటుకలది కాదన్నాను. బట్టీ తప్ప మిగతా ఇల్లంతా కొయ్య చట్రం. పక్క కౌంటీ ఎసెక్స్‌లో గ్రేట్ డన్మో అనే ఊళ్ళో 16వ శతాబ్దం నాటి ఇలాంటి కొయ్య కొట్టు ఒకటుంది, దాన్ని మ్యూజియం చేశారు. వీళ్ళది అంత పాతది కాదు కానీ మూడువందల ఏళ్ళ పైమాటే. పచ్చి ఓక్ చెట్టు నరికి, ఆరకముందే చెక్కి, ఒకదాని కుసి ఇంకొకదాని బెజ్జంలో దూర్చి, చెక్క చీలలు దిగగొట్టేవారు. ఇనుప మేకు లేదు. ఏ కొయ్య ఎక్కడ అమరాలో గుర్తుకు వడ్రంగులు ఉలితో గీసిన గీతలు ఇప్పటికీ ఉన్నాయి. మా చెల్లెలి కూతురు పడుకునే అటక గదిలో నేను చేత్తో తడిమి చూశాను. పచ్చి కొయ్య ఏళ్ళ తరబడి ఆరుతూ తన ఇష్టమొచ్చినట్టు మెలి తిరుగుతుంది. ఇంటి వంకరలన్నీ అందువల్లే. ఇల్లు అమ్మిన దళారీ మాత్రం ఈ దూలాలు పాత ఓడల్లోవి అని చెప్పాడట. తరవాత వడ్రంగి వచ్చి నవ్వాడు. ఆ దేశంలో ప్రతి పాత ఇంటివారికీ ఇదే కథ చెబుతారట. దూలాల్లో ఖాళీ బెజ్జాలు కనిపిస్తే, అవి అంతకుముందు వేరే ఇంట్లో వాడిన కొయ్యలై ఉంటాయి, అంతే.

ఆ వడ్రంగి ఎందుకు వచ్చాడో చెబుతాను. నేను వెళ్ళిన వారానికి, ఒక రాత్రి నిద్ర పట్టక పడుకుని ఉంటే గోడలోంచి టక్ టక్ టక్ మని చప్పుడు. ఎవరో గోరుతో కొట్టినట్టు. ఆగింది. కాసేపటికి ఇంకోచోట నుంచి బదులుగా టక్ టక్ టక్. ఆంజనేయ దండకం చదువుకుంటూ తెల్లార్చాను. పొద్దున్న చెల్లెలితో చెబితే దాని మొహం పాలిపోయింది. "నీకూ వినిపించిందా?" అంది. అంటే దానికి ముందునుంచే తెలుసు, మొగుడికి చెప్పలేదు.

అది పురుగు. ఓక్ కొయ్యను తొలిచే పురుగు. జత కోసం తలతో కొయ్య మీద కొట్టి పిలుచుకుంటుంది. వసంతకాలంలోనే వినిపిస్తుంది. చావు మంచం పక్కన నిశ్శబ్దంగా జాగారం చేసేవాళ్ళకు ఆ చప్పుడు వినపడేది కనక దానికి డెత్‌వాచ్ అని పేరు పెట్టారు. ఎంత మంచి పేరో చూడండి, కొత్తగా ఇల్లు కొనుక్కున్నవాళ్ళకి!

వడ్రంగి పెద్దాయన ఇంటి చుట్టూ తిరిగాడు. ఉత్తరపు గోడ దగ్గర ఆగి, అడుగున పిసరంత సిమెంటు పెచ్చు ఊడదీసి, లోపలి దూలంలో కదురులాంటి పనిముట్టు గుచ్చాడు. పండిన సీతాఫలంలో వేలు దిగినట్టు పిడి దాకా దిగిపోయింది. ఇల్లంతా ఆ అడుగు దూలం మీదే నిలబడి ఉంటుంది. స్తంభాలన్నీ అందులోనే దిగి ఉంటాయి.

ఎవరి పాపం ఇది? ఇల్లు అలా శతాబ్దాలు నిలబడ్డది సున్నం వల్ల. ఓక్ చట్రం మధ్య ఖాళీల్లో దడి కట్టి, మట్టీ గడ్డీ పేడా కలిపి మెత్తి, పైన సున్నం పూసేవారు. మన పూరింటి గోడ పద్ధతే. వాన తడి లోపలికి కాస్త ఇంకినా ఎండా గాలీ తగలగానే సున్నంలోంచి బయటికి పోతుంది. 1970ల్లో ఈ కొట్టును ఇల్లుగా మార్చినవాళ్ళు, పాపం మంచిదే అనుకుని, బయట అంతా సిమెంటు పూయించి పైన ప్లాస్టిక్ రంగు కొట్టించారు. కదిలే కొయ్య మీద కదలని సిమెంటు వేస్తే ఏమవుతుంది? వెంట్రుకవాసి బీటలు పడతాయి. బీటలోంచి వాననీరు లోపలికి పోతుంది, తిరిగి రావడానికి దారి లేదు. గోడ లోపల చెమ్మ దిగి అడుగు దూలాన్ని నానబెట్టింది. నానిన కొయ్యలోనే ఆ పురుగు బాగుపడుతుంది. పురుగుకు మందు కొట్టడం కాదు, గోడను ఆరనివ్వండి, అదే పోతుంది అన్నాడాయన.

ఎంతవుతుంది అని మరిదిగారు అడిగారు. సిమెంటు తీసి, చివికిన దూలం కోసి కొత్త ఓక్ అతికి, మళ్ళీ సున్నం పెట్టడానికి, ఒక్క ఉత్తరపు గోడకే పద్దెనిమిది వేల పౌండ్లు. మన డబ్బులో ఇరవై లక్షల పైచిలుకు.

ఆ రాత్రి ఆ ఇంట్లో ఎవరూ మాట్లాడుకోలేదు. వాళ్ళ దగ్గర మిగిలిన డబ్బు కాస్త కూస్తా అమ్మాయి కాలేజీకి దాచినది. మర్నాడు మరిదిగారు నా దగ్గరికి వచ్చి, "వదినగారూ, మీరైనా దానికి చెప్పండి. అయినకాడికి అమ్మేసి పట్నంలో కొత్త ఇల్లు కొనుక్కుందాం. నెత్తి మీద కప్పు సరిగ్గా ఉన్నది, గోడకు మేకు కొట్టుకోనిచ్చేది" అన్నారు. నిజం చెప్పొద్దూ, నేనూ ఆయన పక్షమే.

మేకు మాట ఎందుకొచ్చిందంటే, ఆ దేశంలో ఇలాంటి పాత కట్టడాలను జాబితాలో చేర్చి కాపాడతారు. 1947 నుంచీ అందుకు చట్టం ఉంది. మూడు తరగతులు, వీళ్ళది అన్నిటికన్నా కిందిది. జాబితాలో నూటికి తొంభైకి పైగా ఆ తరగతివే. అయినా సరే, ఇంటి స్వరూపం మారే పని ఏది చెయ్యాలన్నా స్థానిక కౌన్సిలు అనుమతి కావాలి. చెప్పకుండా చేస్తే నేరం, జైలు కూడా పడవచ్చు. మరిదిగారు దూలానికి మేకు కొట్టాలన్నా భయపడి మానేశారు.

నేను చెల్లెలితో మాట్లాడాను. పెద్దదాన్ని కదా, నాలుగు బుద్ధిమాటలు చెప్పాను. అది గిన్నెలు కడుగుతూ వింటూ ఉండి, "అక్కయ్యా, మనం బెజవాడలో ఎన్ని అద్దె ఇళ్ళు మారామో గుర్తుందా?" అంది. లెక్కపెట్టాం. పెళ్ళిళ్ళయ్యేదాకా పదకొండు. ఒక ఇంట్లో గోడకు క్యాలెండరు మేకు కొట్టినందుకు ఇంటివాళ్ళు అమ్మను గుమ్మంలో నిలబెట్టి మాటలన్నారు. అమ్మ ఆ మేకు పీకి, చిల్లులో సున్నం కూరి, వేలితో నునుపు చేసింది. ఆ తరవాత ఏ ఇంట్లోనూ మేకు కొట్టలేదు. "ఇక్కడా కొట్టకూడదనే అంటున్నారు, నిజమే. కానీ ఇక్కడ నన్ను పొమ్మనేవాళ్ళు లేరు" అంది. నేను మరి మాట్లాడలేకపోయాను. మరిదిగారితో, ఈ విషయంలో నన్ను కలపకండి బాబూ అని చెప్పేశాను.

వాళ్ళిద్దరూ ఏమేం అనుకున్నారో నాకు తెలియదు. పది రోజుల తరవాత అమ్మాయి, "పెద్దమ్మా, నేను ఫీజుకు లోను తీసుకుంటాను, ఇక్కడ అందరూ తీసుకుంటారు" అంది. దాని మాట ఎంత పనిచేసిందో! ఒక్క గోడ ఈ వేసవిలో చేయిద్దాం, మిగతాది రెండేళ్ళాగి చూద్దాం, అప్పటికీ కాకపోతే అమ్మేద్దాం అని ఒప్పందానికొచ్చారు. చలి మొదలైతే సున్నం పని చెయ్యకూడదు, మంచుకు పాడవుతుంది. అందుకని కౌన్సిలుతో మాట్లాడుకుని మే నెలలోనే పని పెట్టారు.

సిమెంటు పెచ్చులు రేకుల్లా ఊడి వచ్చాయి. వెనక మట్టి గోడ తడితడిగా ఉంది. ఒకచోట మట్టి రాలిపోతే లోపలి దడి బయటపడింది. చేతి వేలంత హేజెల్ కర్రలు, వాటికి బెరడు కూడా అలాగే ఉంది. నిన్ననో మొన్ననో కొట్టి తెచ్చినట్టు! ఆ పక్కనే మట్టి మీద నాలుగు వేళ్ళు లాగిన జాడలు. మెత్తినవాడి వేళ్ళు. చెల్లెలు పిలిస్తే వెళ్ళాను. అది తన వేళ్ళు ఆ జాడల్లో పెట్టి చూసింది. పట్టలేదు, పెద్దవాడి చెయ్యి. పనివాళ్ళు ఆ ముక్కను అలాగే ఉంచి పైన కొత్త మట్టి మెత్తారు.

అడుగు దూలంలో చివికిన ఎనిమిదడుగుల మేర కోసేసి, మంచి కొయ్యకు కొత్త ఓక్ ముక్కను వాలుకోతతో అతికి చీలలు దిగగొట్టారు. మొత్తం తీసెయ్యచ్చు కదా అని నేనడిగాను. బాగున్న కొయ్యను ఎందుకు పారెయ్యాలమ్మా అన్నాడు పెద్దాయన. మన వడ్రంగులు కూడా ఒకప్పుడు అలాగే అనేవారు.

తరవాత సున్నం వెయ్యడం. మేక వెంట్రుకలు కలిపిన సున్నపు పూత ఆరాక, పైన వెల్ల. చెల్లెలూ నేనూ కూడా కుంచె పట్టుకున్నాం. ఆ పనివాడు, పాలలా పల్చగా ఉండాలి, గోడ ముందు తడపాలి, ఒక్కసారే మందంగా వెయ్యకూడదు, రోజుకొక పూత చొప్పున అయిదు వెయ్యాలి అని చెబుతుంటే నాకు నవ్వొచ్చింది. సంక్రాంతి ముందు డ్రమ్ములో సున్నపురాయి ఉడుకుతుంటే మమ్మల్ని దూరంగా నిలబెట్టి మా అమ్మ చెప్పిన మాటలే. వేసినప్పుడు ఏమీ కనిపించదు, ఉత్త నీళ్ళు పూసినట్టుంటుంది. ఆరాక తెల్లబడుతుంది. వీళ్ళది గులాబీరంగు కలిపిన సున్నం, ఆ ప్రాంతపు వాడుక. కళ్ళల్లో పడకుండా జాగ్రత్త అని చెబుతూనే నేనే కంట్లో వేసుకుని ఒక పూట మంచినీళ్ళతో కడుక్కుంటూ కూచున్నాను.

ఇక వంటింటి గొడవ ఒకటి మిగిలింది. పోపు వేసినప్పుడల్లా పొగ గంట మోగుతుంది. ఎండుమిరపకాయ పడగానే ఇల్లంతా కుయ్యోమని కూత, అమ్మాయి పరిగెత్తుకొచ్చి తువ్వాలుతో విసరడం. గోడకు చిల్లి పెట్టి ఫ్యాను బిగించుకుంటామని చెల్లెలు దరఖాస్తు పెట్టుకుంటే, పాత ఇటుక గోడకు చిల్లి కుదరదన్నారు. చూడ్డానికి వచ్చిన కౌన్సిలు ఆవిడకు నేను అల్లం టీ ఇచ్చాను. ఆవిడ తాగుతూ తలెత్తి పైకి చూసి, ఈ సీలింగు ఎప్పటిది అని అడిగింది. ఇల్లుగా మార్చినప్పుడు వేసిన అట్ట సీలింగు. దాని పైన ఏముంది? గోపురం, దాని టోపీ! పొగను పైకి లాగడానికే కట్టిన గదిలో నిలబడి గోడకు చిల్లి అడుగుతున్నాం మేము. కొత్త సీలింగుకు కన్నం పెట్టుకుని, గొట్టం పైకి తీసుకెళ్ళి టోపీ కిందకు వదిలేటట్టయితే అభ్యంతరం ఉండదనుకుంటాను, అలా రాసి మళ్ళీ పెట్టండి అంది.

అనుమతి రాకముందే నేను వచ్చేశాను. వచ్చేముందు ఒక చిన్న పని చేశాం. నేను ఇక్కణ్ణించి తీసుకెళ్ళిన రాగులు కేజీ ఉంటే, నానబెట్టి, మూట కట్టకుండా హాల్లో నేల మీద తడిగుడ్డ పరిచి పల్చగా పోశాం. అమ్మాయి సరదా అది. నేను ఉత్తికాళ్ళతో నడుస్తూ చేత్తో తిరగేశాను. మొలకలు బాగానే వచ్చాయి కానీ మన దగ్గరకంటే రెండు రోజులు ఆలస్యం. చలి మరి.

మొన్న చెల్లెలు ఫోను చేసింది. గొట్టం బిగించారట. మొదటిరోజు పులిహోర పోపు పెడితే గంట మోగలేదు. పక్కింటి పెద్దాయన రోడ్డు మీద నిలబడి గోపురం టోపీ వంక చూస్తూ, మాల్టు మళ్ళీ మొదలెట్టారా అని అడిగాడట. ఉత్తరపు గోడ ఆరుతోంది, కానీ నెమ్మదిగా. అంగుళానికి నెల పడుతుందన్నాడు వడ్రంగి. ఈ వసంతంలో టక్ టక్ ఒక్కసారే వినపడిందట, అదీ పడమటి గోడలోంచి. ఆ గోడకు సిమెంటు ఇంకా అలాగే ఉంది. ఆ సంగతి మొగుడికి చెప్పావా అని అడిగాను. "ఈసారి ఆయనే ముందు విన్నారక్కయ్యా" అంది.